ఆవిడే చెప్పింది

"కుక్కరు కూతలన్నీ నేను లైవ్‌లోకి వెళ్లకముందే అయిపోవాలి" అన్నాడు మా ఆయన టై ముడి బిగించుకుంటూ. పైన కోటు, కింద నలిగిన పైజామా. టీవీలో మనిషి నడుము దాకానే కనిపిస్తాడు కాబట్టి నడుము దాకా మేధావిగా తయారైతే సరిపోతుంది.

మా ఆయన విశ్లేషకుడు. ఒకప్పుడు కాలేజీలో కామర్స్ చెప్పేవాడు. బడ్జెట్ రోజున ఎవరూ దొరక్క ఒక ఛానెల్ వాళ్లు పిలిచారు. ఎదుటివాడి మాటకి అడ్డంపడి గట్టిగా అరవడం ఈయనకి వచ్చునని వాళ్లకి ఆ రోజే తెలిసిపోయింది. అప్పటినుంచి రాకెట్లు, వరదలు, వైరస్‌లు, వడ్డీరేట్లు అన్నీ ఈయన ఖాతాలోకే. పిలుపు రాగానే వంటింటి గుమ్మం దగ్గరికొచ్చి, "ఆ సంగతేదో రెండు ముక్కల్లో చెప్పవోయ్" అంటాడు. నేను సూక్ష్మజీవశాస్త్రం చదివి, ఊరి మంచినీళ్లు పరీక్షించే ల్యాబులో పనిచేస్తున్నాను. ఏళ్ల తరబడి నేర్చుకున్నదాన్ని కూర తరుగుతూ రెండు ముక్కలు చేసి ఇస్తాను. ఆయన వినేది అందులో ఒక ముక్క.

లైవ్ ఇచ్చే గదిలో ఆయన వెనకాల అలమరలో కనబడే లావుపాటి పుస్తకాలు నావే. వాటి దుమ్ము దులిపేదీ నేనే. లైవ్ నడుస్తున్నంతసేపూ మిక్సీ వేయకూడదు, కుళాయి తిప్పకూడదు, గిన్నె పడేయకూడదు. ఒకసారి ఇదే గదిలోంచి, టెక్నాలజీ ఆడవాళ్లకి ఎంత స్వేచ్ఛనిచ్చిందో అరగంట చెప్పాడు. వాషింగ్ మెషీను ఒక విప్లవమన్నాడు. ఆ విప్లవంలో బట్టలు వేసేదెవరు, తీసేదెవరు, ఆరేసి మడత పెట్టేదెవరు అని అడగడం యాంకరుకి తోచలేదు. నేను మాత్రం ఆ అరగంటా ఆయన మైకుకి వినబడుతుందని విప్లవాన్ని ఆపేసి, తడిబట్టల ముందు కూర్చున్నాను.

మా అత్తయ్య హాల్లో టీవీ సౌండు తీసేసి, కొడుకు పెదవులు కదలడం చూస్తూ మురిసిపోతుంది. "ఏం చెబుతున్నాడో వినబడట్లేదు కదా అత్తయ్యా" అన్నానోసారి. "వినేదేముంది అమ్మాయ్, వాడు చెప్పాడంటే కరెక్టే" అంది. ఓట్లు ఎలా పడతాయో నాకు ఆ రోజు అర్థమైంది.

ఆ సాయంత్రం చర్చ నీళ్ల మీద. ఊళ్లో పల్లంగా ఉండే కాలనీలో ఇంటికొకరు చొప్పున వాంతులు, విరేచనాలతో ఆస్పత్రిపాలయ్యారు. అక్కడి కుళాయి నీళ్లు నేనే పరీక్షించాను. మురుగు కలిసింది. రిపోర్టు పట్టుకెళితే మా డైరెక్టరు కళ్లజోడు తీసి తుడుచుకుని, "ఎన్నికలయ్యాక బయటపెడదాం లేమ్మా. బ్యాక్టీరియా ఎక్కడికి పోతుంది" అన్నాడు. జీవశాస్త్రంలో డాక్టరేటు ఉన్న మనిషి. అది ఎక్కడికి పోతుందో ఆయనకి చెప్పాల్సి రావడం కంటే సిగ్గుచేటు ఇంకొకటి లేదు. చెప్పాను. "పిల్లల కడుపుల్లోకి పోతుంది సార్" అన్నాను. రిపోర్టు సొరుగులో పెట్టేశాడు.

"ఈ-కోలి అంటున్నారు, ఏమిటది?" అని అడిగాడు మా ఆయన, కాలరు సర్దుకుంటూ.

"అదొక బ్యాక్టీరియా. అందులో చాలా రకాలు మన పేగుల్లోనే ఉంటాయి, హాని చేయవు. కానీ అది నీళ్లలో కనబడిందంటే మలం కలిసినట్టు. దానివెంట ఏ రోగమైనా వచ్చి ఉండొచ్చు. నేనే పరీక్షించాను, ఆ నీళ్లు తాగకూడదు" అన్నాను.

"ఊఁ, ఊఁ" అని తల దువ్వుకుంటూ వెళ్లిపోయాడు. ఈ ప్రభుత్వం మళ్లీ వస్తే ఆయనకి సలహాదారు పదవి ఖాయమని అప్పటికే మాటుంది. అసలు ఎవరికైనా సలహా ఇవ్వాలంటే ఈయనకి ముందు నా సలహా కావాలని వాళ్లకి తెలియదు.

లైవ్ మొదలైంది. నేను వంటింట్లో చేతులు కట్టుకు నిలబడ్డాను. గోడవతల ఆయన గొంతు సభలో ఉపన్యాసమిచ్చే గొంతయింది.

"భయాలు సృష్టించకండి. ఈ-కోలి మన అందరి పేగుల్లోనూ ఉంటుంది. హాని చేయదు. ఇది సైన్సు."

"అంటే ఆ నీళ్లు తాగొచ్చంటారా?" ల్యాప్‌టాప్‌లోంచి యాంకరు అడిగింది.

"నేననడం కాదండీ. మా ఇంట్లోనే శాస్త్రవేత్త ఉంది. మా ఆవిడ ఆ ల్యాబులోనే పనిచేస్తుంది. నిక్షేపంగా తాగొచ్చని ఆవిడే చెప్పింది."

ఇన్నేళ్లలో ఆయన నా ప్రస్తావన తేవడం అదే మొదటిసారి. ఆ పుస్తకాలు నావని చెప్పలేదు, ఆ మాటలు నావని చెప్పలేదు. అబద్ధం ఒకటి ఆడాల్సి వచ్చేసరికి దాన్ని మాత్రం నా నెత్తిన పెట్టాడు. ఎవరో ఒక తల్లి ఈ మాట విని గ్లాసు నింపుతుంది కదా అనిపించింది. అంతకుమించి ఆలోచించలేదు. తలుపు తోసుకుని వెళ్లి ఆయన పక్కన నిలబడ్డాను. లైటు కళ్లలో పడింది.

"నేను అలా చెప్పలేదు. ఆ కాలనీ నీళ్లలో మురుగు కలిసింది. పరీక్షించింది నేను. బాగుచేసేదాకా ఆ కుళాయి నీళ్లు తాగకండి. వేరే దారి లేకపోతే బాగా మరగబెట్టి తాగండి" అన్నాను.

మా ఆయన నోరు తెరిచాడు. అడ్డంపడ్డవాళ్లకి జవాబు చెప్పడం ఆయనకి అలవాటు లేదు, అడ్డంపడటమే అలవాటు. ఛానెల్ వాళ్లు గబగబా ప్రకటన వేశారు. హాల్లోకి వచ్చి చూస్తే టీవీలో ఒకావిడ పళ్లన్నీ కనబడేలా నవ్వుతూ గిన్నెలు తోముతోంది.

"వాడు మాట్లాడుతుంటే మధ్యలోకి ఎవరైనా వెళతారా అమ్మాయ్" అంది అత్తయ్య. ఆ వెంటనే గొంతు తగ్గించి, "నువ్వన్నది ఇక్కడిదాకా వినబడింది. మా చెల్లెలు ఆ కాలనీలోనే కదా ఉంటుంది, దానికి ఫోన్ చెయ్యనా?" అంది.

"చెయ్యండి" అన్నాను.

ఇంతలో డైరెక్టరు ఫోన్ చేశాడు. నాకు కాదు, మా ఆయనకి. ఆయన స్పీకరు పెట్టాడు.

"ఏం లేదండీ, చిన్న సర్దుబాటు. మీ ఇద్దరికీ ఏదో మాటామాటా వచ్చి, ఆ కోపంలో మేడమ్ అలా అనేశారని రెండు లైన్లు రాసిమ్మనండి. ఆడవాళ్లకి ఇవన్నీ మామూలేగా. ఉద్యోగానికి ఏ ఇబ్బందీ రాకుండా నేను చూసుకుంటాను."

మా ఆయన మొహంలోకి రంగొచ్చింది. కోటు ఇంకా విప్పలేదు. నా పక్కకి వచ్చి ఎప్పుడూ లేనంత మెత్తగా, "రాసెయ్యవోయ్. మొగుడూపెళ్లాలన్నాక గొడవలుండవా? గొడవైందని రాస్తే నీ సొమ్మేం పోయింది?" అన్నాడు.

ఊరి నీళ్లలో మురుగుంటే అది మా ఇంటి గొడవ. ఇద్దరు మగవాళ్లు కలిసి నిమిషంలో కనిపెట్టేశారు. నా ల్యాబులో ఏ పరీక్షా ఇంత వేగంగా పూర్తికాదు.

నేను ఫోన్ దగ్గరికి వంగాను.

"రాస్తాను సార్. మీ సొరుగులో ఉన్న రిపోర్టు మళ్లీ రాసి పొద్దున్నే పత్రికలవాళ్లకి ఇస్తాను." ఆ తర్వాత మా ఆయన వైపు తిరిగాను. "మన గొడవ సంగతీ నిజమే. అది ఇంకో కాగితం మీద రాస్తాను. దాన్ని లాయరు చూసుకుంటుంది."