ఐదు నెలల దవడ

ఆ ఇంట్లో పొద్దున ఏడింటికి మూడు పనులు ఒకేసారి జరిగేవి. వంటగదిలో జావ ఉడికేది. స్నానాలగదిలో కొడుకు గడ్డం గీసుకునేవాడు. ముందుగదిలో కిటికీ పక్క కుర్చీలో తండ్రి మెడకు తువ్వాలు కట్టించుకుని, నోరు కొంచెం తెరిచి, చెంచా కోసం ఎదురుచూసేవాడు.

తండ్రి ముప్ఫయ్యేళ్ళు పళ్ళ మార్కెట్లో వేలం పాడినవాడు. మైకు అక్కర్లేని గొంతు. నాలుగు వరసల లారీల అవతల ఉన్నవాడు కూడా ఉలిక్కిపడి చెయ్యెత్తేవాడు. మూడేళ్ళ కిందట జబ్బు చేసింది. కాలూ చెయ్యీ తిరిగి స్వాధీనంలోకి వచ్చాయి గానీ దవడలు రాలేదు. నమలలేడు, మాట్లాడలేడు. ఏదైనా అనబోతే ఉత్త గాలి వచ్చేది.

తల్లి ఆయన ఎదురుగా పీట వేసుకుని ఒక్కో చెంచా తినిపించేది. పూటకి గంట పట్టేది. ఆ గంటసేపూ ఆవిడ మాట్లాడుతూనే ఉండేది. "పెళ్ళైన కొత్తలో మీ అక్క నన్ను గుమ్మంలో నిలబెట్టి ఏమందో మీకు తెలుసా? తెలీదు. నేను చెప్తేగా తెలిసేది. మింగండి, చెప్తాను." ఏళ్ళ తరబడి లోపల దాచుకున్నదంతా వరసపెట్టి చెప్పేది. అడ్డు తగిలేవాళ్ళు లేరు. మధ్యమధ్య తనలో తను నవ్వుకునేది కూడా. కానీ మూడు పూటలా మూడు గంటలు, వండటానికి ఇంకో మూడు, మూతీ బట్టలూ తుడవడానికి ఒకటి. మూడేళ్ళలో ఆవిడ వీధి చివరి కూరగాయల కొట్టు దాటి వెళ్ళిందే లేదు.

కొడుకు దవడలు మాత్రం నిక్షేపంగా ఉండేవి. కాస్త ఎక్కువే నిక్షేపంగా. చెవుల కింద నుంచి నేరుగా కిందికి దిగి, అక్కడ మూల తిరిగి గడ్డంలోకి పోయేవి. బళ్ళో పిల్లలు "పలక" అని పేరు పెట్టారు. ముప్ఫై నాలుగేళ్ళొచ్చినా పాత స్నేహితులు వీధిలో కనబడితే అలాగే కేకేసేవాళ్ళు. నవ్వుతూ చెయ్యి ఊపేవాడు గానీ, ఫొటో తీస్తున్నారంటే ఎప్పుడూ ఎవరో ఒకరి భుజం వెనక్కి జరిగేవాడు.

అతను ఒక పెద్ద కళ్ళజోళ్ళ షాపులో పనిచేసేవాడు. మనిషి లోపలికి రాగానే ఆ ముఖానికి ఏ ఫ్రేము నప్పుతుందో అతనికి తెలిసిపోయేది. కాడ చెవి వెనక నొక్కుతోందంటే కొంచెం వేడిచేసి, బొటనవేలితో వంచి, తన చెంపకి తాకించి చూసుకుని, వాళ్ళకి పెట్టేవాడు. ముసలివాళ్ళు అతను లేకపోతే మర్నాడు వస్తామని వెళ్ళిపోయేవారు.

ఆ యేడు షాపువాళ్ళకి కొత్త ఆలోచన వచ్చింది. పోస్టర్ల మీద బయటి అందగాళ్ళు వద్దు, మన ఉద్యోగస్తులే ఉండాలి అన్నారు. మేనేజరు అందరికీ ఫ్రేములు పెట్టి ఫొటోలు తీయించింది. అతని ఫొటో దగ్గర చాలాసేపు ఆగింది.

"కళ్ళు బాగున్నాయి. ముక్కు ఇంకా బాగుంది. చిక్కంతా కింది సగంతోనే. బీరువాకి కళ్ళజోడు పెట్టినట్టుంది."

"పుట్టుకతో వచ్చిందండీ."

"ఎముక కాదు, అది కండ. పై అంతస్తులో డాక్టరు గారున్నారు. ఇంజెక్షన్లు చేస్తారు, తగ్గిపోతుంది. ఖర్చు షాపుదే. చూడండి, పోస్టరుకెక్కినవాళ్ళు కౌంటర్లో ఉంటారు. మిగతావాళ్ళని అద్దాలు కోసే గదికి పంపుతున్నారు పైవాళ్ళు. నా చేతిలో ఏం లేదు."

అద్దాలు కోసే గది నేలమాళిగలో ఉంది. కిటికీ లేదు, మనుషులు రారు, రోజంతా మిషను కీచుమంటూ ఉంటుంది. అతను ఆ గదిని తలుచుకున్నాడు. పలక అన్న పిలుపునీ తలుచుకున్నాడు. పోస్టరు ఉన్నంతకాలం ముఖం పోస్టరులోలాగే ఉండాలన్న కాగితం మీద సంతకం పెట్టేశాడు.

పై అంతస్తులో నర్సు అతన్ని వాలుకుర్చీలో కూర్చోబెట్టి, తెల్ల పెన్సిలుతో రెండు దవడల మీదా చుక్కలు పెట్టింది. డాక్టరు పళ్ళు బిగించమంది, వదలమంది, మళ్ళీ బిగించమంది. అటు మూడు, ఇటు మూడు పోట్లు. చీమ కుట్టినంత కూడా లేదు.

"నాలుగు గంటలు పడుకోకండి, రుద్దకండి," అంది నర్సు దూది ఒత్తుతూ. "మూడు నాలుగు వారాల్లో కండ పలచబడుతుంది. గట్టివి నమలలేరు. ఐదు నెలలుంటుంది, తర్వాత మళ్ళీ రావాలి."

"మరి నమిలే బలం ఏమవుతుందండీ?"

"ఇంట్లోవాళ్ళకి పోతుంది. ఎవరికన్నది మేం చెప్పలేం. మొన్నీమధ్య ఒకాయనది వాళ్ళ అత్తగారికి పోయింది." నర్సు దూది బుట్టలో పడేసింది. "పాపం, ఇల్లు మారాడు."

నాలుగో వారానికి అతని ముఖం సన్నబడింది. చెవుల దగ్గర మొదలైన గీత గడ్డం దాకా ఒకే వాలున దిగింది. అద్దంలో చూసుకుంటే తన చిన్నాన్న కొడుకెవరో చూస్తున్నట్టుండేది. ఆపిల్ ముక్క కొరికితే పళ్ళు దిగేవి గానీ, నమలబోతే దవడ మధ్యలో అలిసిపోయేది. రొట్టె పాలలో నానబెట్టుకోవడం మొదలెట్టాడు.

అదే వారంలో ఒక మధ్యాహ్నం తండ్రి చెంచాని కొరికి పట్టుకున్నాడు. తల్లి లాగింది. వదల్లేదు. ఆవిడ చెప్తున్న కథ ఆపి, కొడుకు ముఖం వంక ఒకసారి, భర్త ముఖం వంక ఒకసారి చూసింది.

"నీదేనా?" అంది.

"నాదేననుకుంటా."

ఆవిడ లేచి వెళ్ళి కారట్ ముక్క తెచ్చి భర్త చేతికిచ్చింది. ఆయన దాన్ని కటుక్కున కొరికి, కళ్ళు మూసుకుని, చాలాసేపు నమిలాడు. కళ్ళ వెంబడి నీళ్ళు కారాయి. మింగాక తువ్వాలు తనే విప్పుకుని, జావ గిన్నెలోకి చూసి, మూడేళ్ళ తర్వాత మొదటి మాట అన్నాడు.

"ఉప్పేదీ?"

ఇక అక్కణ్ణుంచి ఆగలేదు. కాఫీ చల్లారిందని, కిటికీ రెక్క సగమే తీశారని, పక్కింటివాళ్ళ తలుపు చప్పుడని, ఈ మూడేళ్ళూ ఇల్లు ఇల్లులా లేదని. భార్యని పిలవడానికి వేలంపాట లెక్క వాడేవాడు. "ఒకటోసారి! రెండోసారి!" మూడోసారి అనేలోపు ఆవిడ ఎదురుగా ఉండాలి. ఒకరోజు ఆవిడ ఏదో చెప్పబోయి, "పొద్దున మీ అక్క..." అనగానే, "దాని సంగతి నాకు తెలుసులే" అన్నాడు. ఆవిడ నోరు మూసుకుంది. తర్వాత ఏ కథా మొదలెట్టలేదు. వంటగదిలో పని చేసుకుంటున్నప్పుడు కూడా గిన్నెలు చప్పుడు కాకుండా పెట్టేది.

షాపు ముందు అతని పోస్టరు రెండు నిలువుల ఎత్తున వెలిసింది. ఊళ్ళో వాళ్ళవే మిగతా ఆరు షాపుల ముందూ అదే ముఖం. వచ్చినవాళ్ళు దాన్నీ అతన్నీ మార్చి మార్చి చూసేవాళ్ళు. మేనేజరు సోమవారం సోమవారం అతన్ని పోస్టరు పక్కన నిలబెట్టి, చేయి కొంచెం చాచి, కన్ను సగం మూసి చూసేది. "సరిపోయింది, పదండి." అతనికి తన ముఖంలో అద్దెకి ఉంటున్నట్టు అనిపించేది. కోపమొచ్చినా పళ్ళు బిగించడానికి బలం లేదు.

ఐదో నెల సగంలో సోమవారం పరీక్షలో మేనేజరు కనుబొమ్మలు ముడిపడ్డాయి. చెవుల కింద కండ మళ్ళీ తేలుతోంది. ఇంటికెళ్తే తండ్రి నెమ్మదిగా తింటున్నాడు, కేకలు తగ్గాయి. అతను పక్క దుప్పటి మారుస్తుంటే దిండు కింద బిస్కెట్టు కనిపించింది. అంచున పళ్ళ గాట్లు, విరగలేదు. తండ్రి చూసి, చటుక్కున దాన్ని లాక్కుని జేబులో పెట్టుకున్నాడు. "తర్వాత తింటాన్లే," అన్నాడు. మాట చివర గాలి వచ్చింది. ఆ కళ్ళలో భయం అతను ఎప్పుడూ చూడనిది. వేలంపాటలో ఆయన ఎప్పుడూ భయపడలేదు, ఇంట్లో అసలే లేదు.

మర్నాడు పై అంతస్తుకెక్కి రెండోసారి వేయించుకున్నాడు. మేనేజరు కోసమా తండ్రి కోసమా అని ఎవరైనా అడిగి ఉంటే చెప్పలేకపోయేవాడు.

నెల తిరిగేసరికి తండ్రి గొంతు వీధి చివరికి వినపడుతోంది. తల్లి బొత్తిగా మాట్లాడటం మానేసింది. తలూపేది, లేకపోతే అదీ లేదు. ఆదివారం పొద్దున ఆవిడ డాబా మీద బట్టలారేస్తుంటే అతను వెనకాలే వెళ్ళాడు.

"అమ్మా, ఇదే ఆఖరు. ఇంక వేయించుకోను. కౌంటరు పోతే నేలమాళిగలోకి వెళ్తాను, అంతేగా. నాన్న మళ్ళీ నిమ్మళిస్తారు. నీకు మళ్ళీ ప్రశాంతంగా ఉంటుంది."

ఆవిడ దుప్పటి దులిపి, తీగ మీద వేసి, అంచులు సమానం చేసింది. తర్వాత మాట్లాడింది. చాలా రోజుల తర్వాత మాట్లాడినందుకో ఏమో గొంతు బొంగురుగా ఉంది.

"ప్రశాంతమని నీకెవరు చెప్పార్రా?"

"రోజూ మాట్లాడేదానివిగా. నవ్వేదానివి."

"నవ్వకేం చేస్తాను? చెంచా చేతిలో పెట్టి కూర్చోబెడితే గోడతోనైనా మాట్లాడతాను. ఆయన నోరు పడిపోయిందని నాకు నోరొచ్చింది. అదీ ఒక బతుకేనా?" ఆవిడ క్లిప్పు తీసి పంటితో పట్టుకుని, దుప్పటికి పెట్టింది. "మీ పెద్దమ్మ పనిచేసే హాస్టలు తెలుసుగా, నర్సమ్మాయిలది. అక్కడ బట్టలు కుట్టడానికి మనిషి కావాలట. గది కూడా ఇస్తారట. మూడేళ్ళుగా అడుగుతోంది. ఈయన్ని వదిలేసి ఎలా వస్తానే అంటూ వచ్చాను."

అతను బకెట్లోంచి ఇంకో దుప్పటి తీసి అందించాడు.

"ఆ మందు ఎన్నాళ్ళుంటుంది?" అని ఆవిడే అడిగింది.

"ఐదు నెలలు. ఒక నెల అయిపోయింది."

ఆవిడ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది.

"నాలుగు నెలలు. ఆయన నమలగలడు, గుడ్డు ఉడకబెట్టుకోగలడు, ఆకలైతే అరవగలడు. నాలుగు నెలలు వెళ్ళొస్తాను. నీ ముఖం నీక్కావాలంటే తీసుకో నాన్నా, నేను వద్దనను. అప్పటికి వచ్చేస్తాను. చెంచా పట్టుకోవాలిగా ఎవరో ఒకరు."

బుధవారం మధ్యాహ్నం ఒక సంచీతో వెళ్ళిపోయింది. కుట్టుమిషను తర్వాత పంపమంది. భర్తకి వెళ్తున్నానని చెప్పింది. ఆయన ఎక్కడికని, ఎన్నాళ్ళని, ఎవరినడిగి అని అరిచాడు. ఆవిడ ప్రతిదానికీ నెమ్మదిగా జవాబు చెప్పింది. ఆఖరిదానికి "ఎవరినీ అడగలేదండీ" అని, చెప్పులు వేసుకుంది.

తండ్రి రెండు వారాలు అరిచాడు. ఆ తర్వాత కొడుకు మీద అరవడం కన్నా గుడ్లు ఉడకబెట్టుకోవడం తేలికని తెలుసుకున్నాడు. ముందుగదిలో ఆయన ఆపిల్ కొరికితే వంటగదిలో సూపు తాగుతున్న కొడుకుకి వినపడేది. ఇల్లంతా ఆ చప్పుడే.

ఆవిడ వెళ్ళిన నాలుగో నెల మొదట్లో షాపులో అంతా తలకిందులైంది. పైవాళ్ళు మారారు. కొత్తవాళ్ళకి గుండ్రటి ముఖాలు కావాలట. ఒక పొద్దున అతను వెళ్ళేసరికి నిచ్చెన మీద ఒకతను పోస్టరుని నుదుటి దగ్గర్నుంచి ఒలుస్తున్నాడు. మేనేజరు లోపలికి పిలిచి, అతని సంతకమున్న కాగితాన్ని అతని ముందే చింపింది.

"ఇంక మీ ఇష్టం. కౌంటరులోనే ఉండండి, ముసలివాళ్ళు మిమ్మల్నే అడుగుతున్నారు. ముఖం పెంచుకుంటారో తగ్గించుకుంటారో మాకు సంబంధం లేదు."

అతను ఆ రోజంతా తేలిగ్గా తిరిగాడు. ఒక ముసలాయనకి కాడ వంచి పెడుతూ ఈల కూడా వేశాడు. రెండు వారాలు ఓపిక పడితే చాలు. దవడ దవడలా వస్తుంది. వేయించిన పల్లీలు గుప్పెడు నోట్లో వేసుకుని నమలాలని ఎంత కోరికగా ఉందో అతనికి మాత్రమే తెలుసు.

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి తండ్రి బల్ల దగ్గర రొట్టెని చిన్న చిన్న ముక్కలు చేసుకుంటున్నాడు. తలెత్తలేదు.

"అమ్మకి ఫోన్ చెయ్యకు," అన్నాడు, మాటలో గాలి కలిసి. "నేను తినగలను."

ముక్క నోట్లో పెట్టుకుని దవడని చేత్తో పట్టి పైకి కిందికి ఆడించాడు. సగం ముక్క జారి చొక్కా మీద పడింది. అతను తుడవబోతే చెయ్యి తోసేశాడు.

మర్నాడు భోజనాల వేళకి అతను పై అంతస్తుకెక్కాడు. నర్సు పేరు చూసి ఆశ్చర్యపోయింది.

"షాపువాళ్ళు ఆపేశారటగా? ఇప్పుడు మీ సొంత ఖర్చే. ఇంకెందుకండీ?"

"ఇంట్లోకి," అన్నాడతను. కుర్చీలో వాలి, పెన్సిలుకి చెంప అందించాడు.

మరో రెండు నెలలు గడిచాక ఒక ఆదివారం తల్లి ఫోన్ చేసింది. వెనక చాలామంది ఆడపిల్లల గొంతులు, ఎవరో ఏదో లాక్కుని పరిగెడుతున్నట్టు చప్పుడు.

"మీ నాన్న తింటున్నారా?"

"తింటున్నారు. ఇప్పుడే పల్లీల డబ్బా ఖాళీ చేశారు."

"అదేంట్రా? నాలుగు నెలలు ఎప్పుడో దాటాయిగా. సంచీ సర్దుకుని కూర్చున్నాను, నువ్వు రమ్మంటావేమోనని."

అతను సూపు గిన్నె పక్కకి జరిపాడు.

"కొత్త మందు వచ్చిందట అమ్మా. ఒకసారి వేస్తే చాలా కాలం ఉంటుందట. నేను మళ్ళీ వెళ్ళే పని కూడా లేదు."

ఆవిడ నమ్మిందో, కొడుకు గొంతులో అలసట పోల్చుకుందో తెలియలేదు. తర్వాత కుర్చీ లాగిన చప్పుడైంది. ఆవిడ తీరిగ్గా కూర్చుంది.

"సరే అయితే విను. ఇక్కడ మూడో గదిలో ఒక పిల్ల ఉంది, దాని పెళ్ళి బట్టలు నేనే కుడుతున్నాను. ఆ పెళ్ళికొడుకు కొలతలివ్వడానికి వచ్చి ఏం చేశాడో తెలుసా?"

"తెలీదు," అన్నాడతను. "చెప్పు."