తపసి చెట్టుకు కాటుక

తిమ్మరాయప్ప కాటన్‌పేటలో కుట్టుమిషను పెట్టుకున్నది రోడ్డుపక్క తపసి చెట్టు కింద. ముప్పై ఏళ్లుగా అతని అంగడికి అదే పైకప్పు, అదే గోడ.

ఆ నెల మొదట్లో చెట్ల ఆఫీసరు రాఘవేంద్ర అటు వచ్చి, తలెత్తి చూసి, "ఈ వయసులోనూ ఎంత పచ్చగా ఉండాదప్పా" అన్నాడు. మంచి మాటే. కానీ నరుడి కంటికి నల్లరాయి కూడా పగులుతుందని పెద్దలు ఊరికే అన్నారా? నాలుగోరోజుకు మూడు ఆకుల మీద గోధుమరంగు మచ్చలు పడ్డాయి.

తిమ్మరాయప్ప భార్య సొన్నమ్మ తేల్చేసింది. "బిడ్డకైతే ఏం చేస్తావు? దీనికీ అదే చెయ్యి" అని కాటుక డబ్బీ చేతికిచ్చింది. అతను స్టూలెక్కి, చేతికందిన ప్రతి ఆకుకూ ఒక చుక్క పెట్టాడు. రెండు రోజులు పట్టింది. ఈలోగా ఒక పెళ్లికొడుకు ప్యాంటు వెనకబడింది.

వారం తిరక్కుండా రాఘవేంద్ర మళ్లీ వచ్చాడు. భూతద్దం పెట్టి చూసి ఊపిరి బిగబట్టాడు. ఆకుమచ్చ తెగుళ్లు ఆయన చాలానే చూశాడు గానీ, ఇంత నల్లగా, ఆకుకు ఒక్కటి చొప్పున వచ్చే శిలీంధ్రం ఏ పుస్తకంలోనూ లేదట.

"ఎప్పట్నుంచి ఉండాది?"

"మొదట మూడాకులే సార్."

"వారంలో మున్నూరయినాయి. ఇది కొత్త జాతి, నా పేరే పెడతారు" అని మురిసిపోయాడు. "ఊరంతా అంటుకోకముందే చెట్టు కొట్టించాల. రేపే."

తిమ్మరాయప్ప మిషను తొక్కడం ఆపేశాడు. నిజం చెబితే చెట్టు దక్కుతుంది. కానీ నీ కన్ను మంచిది కాదని ఆఫీసరు మొహం మీద ఎట్లా అనడం? ఆయన చెట్లు కొట్టేవాళ్లకు ఫోను కలిపేసరికి ఇక ఆగలేకపోయాడు.

"సార్, ఒక్కసారి వేలితో రుద్ది చూడండి."

రుద్దాడు. కొత్త జాతి వేలికి వచ్చేసింది. ఆయన ఆ చేత్తోనే చెంప మీద చెమట తుడుచుకున్నాడు.

"ఏందిది?"

"కాటుక సార్. దిష్టికి."

"ఎవరి దిష్టి?"

తిమ్మరాయప్ప మిషను చక్రం వైపు చూశాడు. అన్నం క్యారియరు తెచ్చిన సొన్నమ్మ మాత్రం సూటిగా ఆఫీసరు కళ్లలోకే చూసింది. రాఘవేంద్ర ఫోను కట్టేశాడు.

"మరి ఆ మొదటి మూడాకులు?" అన్నాడు సన్నగా.

"అవి మీవే సార్" అంది సొన్నమ్మ.

ఆయన ఆ మూడింటినీ తుంచి, తిప్పి చూసి, మామూలు ఆకుమచ్చే, మందు కొడితే పోతుందని గొణిగాడు. చెట్టు వైపు మళ్లీ తలెత్తకుండా వెళ్లిపోతుంటే చెంప మీద నల్లచుక్క నిగనిగలాడింది. చెబుదామని తిమ్మరాయప్ప లేవబోతే సొన్నమ్మ చెయ్యి పట్టి ఆపింది.

"ఉండనీ. ఆయప్పా పచ్చగానే ఉండాడు."