ఓస్విన్ ముసలితనం

నేను ఒక బొటనవేలంత లోహపు బొమ్మని. భుజాన గొడ్డలి, తలమీద ఉన్ని టోపీ, మోకాళ్లు దాటిన కంబళి. నా వాలకం చూసి ఏ చలిదేశపు కొలిమిలోనో పుట్టాననుకుంటారు. నేను పుట్టింది కాకినాడలో, కట్టుడు పళ్లు తయారుచేసే ల్యాబులో. అక్కడ పనిచేసే హైమవతి, పని తెమిలిన ఒక మధ్యాహ్నం, నన్ను మైనంతో చెక్కింది. ఆ మైనాన్ని సుద్దలాంటి పిండిలో పూడ్చి, వేడికి కరిగించేసి, మిగిలిన ఖాళీలో లోహం పోసింది. ఎవరి దవడలోనో పన్నుగా కుదురుకుని వేరుశెనగలు నములుతూ బతకవలసిన లోహం అలా మనిషి ఆకారం ఎత్తింది.

నాకు రంగులు వేసింది ఆమె భర్త మురారి. ఊళ్లో సగం దుకాణాల బోర్డులు అతని చేతిరాతే. ఫ్లెక్సీలు వచ్చి ఆ పని పోయాక కూడా కుంచెలు పారెయ్యలేదు. నా కంబళి ఎడమ అంచుకి ముదురు నీలం వేస్తుండగా కుంచె పక్కకి జారింది.

"ఏంటో, చెయ్యి మాట వినట్లేదే" అని నవ్వాడు. హైమ కూడా నవ్వింది. అది జబ్బు తొలి గుర్తని అప్పుడు ఇద్దరికీ తెలియదు.

నన్ను చేసింది ఒక ఆట కోసం. ఆదివారం మధ్యాహ్నం వాళ్లింటి భోజనాల బల్ల చుట్టూ నలుగురు చేరేవారు. ఆట నడిపేది ఇస్సాకు. కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పే ఇతను మురారికి చిన్ననాటి స్నేహితుడు. నాలుగోవాడు జహీర్, లారీ ఇంజన్ల మెకానిక్. రోము సామ్రాజ్యం కూలిపోయి ఐరోపాలో దిక్కూమొక్కూ లేని కాలంలో నల్లమంచు లోయ అనే చోటు ఉందని ఇస్సాకు ఊహించి పటం గీశాడు. తక్కిన ముగ్గురూ ఆ లోయలో తలా ఒక మనిషిగా బతకాలి. ఏం చెయ్యదలచారో నోటితో చెబుతారు. అది నెగ్గిందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది: పెద్ద అంకె పడితే నెగ్గినట్టు, చిన్నది పడితే ఓడినట్టు. మురారి ఓస్విన్ అనే కట్టెలు కొట్టేవాడు. ఆ ఓస్విన్‌కి బల్లమీది రూపం నేను. హైమ అతని భార్య హిల్డా, పసర్లు కాచి వైద్యం చేస్తుంది. జహీరేమో, తన దొర చచ్చిపోయి దారితప్పిన సైనికుడు.

ఇస్సాకు మామూలుగా చీమని కూడా తొక్కకుండా నడిచే మనిషి. బల్లమీద అట్ట తెర నిలబెట్టి దాని వెనక కూర్చున్నాడంటే మాత్రం దయాదాక్షిణ్యాలు ఉండేవి కావు. కరువు, తెగులు, తోడేళ్లు, పడవల మీద వచ్చిపడే దోపిడీమూకలు. ఆ లోయలో ముసలివాళ్లే లేరు.

"ఒక్కణ్ణన్నా బతకనివ్వరా!" అని మురారి గోలపెడితే, "ఆ కాలం అంతేరా, నన్నేం చెయ్యమంటావు?" అనేవాడు. తాను కల్పించిన లోకంలో తన చేతిలో ఏమీ లేదని మనిషి ఎంత నమ్మకంగా చెబుతాడో!

కండరాలని ఒక్కొక్కటిగా చచ్చుబరిచే జబ్బని వైజాగు డాక్టర్లు తేల్చారు. మందు లేదన్నారు. ముందు మురారి వేళ్లు పోయాయి, తరవాత కాళ్లు. నన్ను జరిపే పని హైమకి వచ్చింది. "ఏవండీ, వంతెన మీదికా, అడవిలోకా?" అని అడిగి, అతను చెప్పిన వైపుకి జరిపేది. కుర్చీలోంచి కదల్లేని మనిషి నా కాళ్లతో మంచులో కొండలెక్కేవాడు.

గొంతు కూడా ముద్దగా మారుతున్న రోజుల్లో ఇస్సాకు ఒక ఘట్టం తయారుచేసుకొచ్చాడు. దోపిడీమూకలు తరుముకొస్తున్నాయి, ఊరంతా నది దాటాలి, ఎవరో ఒకరు వంతెన దగ్గర నిలబడి అడ్డుకోవాలి. స్నేహితుడికి గొప్ప చావు కానుకగా ఇద్దామనుకున్నాడు పాపం.

మురారి నన్ను చాలాసేపు చూశాడు.

"నేను... నిలబడనురా. దాటేస్తాను."

"అదేంట్రా? ఓస్విన్ పిరికివాడు కాదుగా?"

"దాటి... ఇల్లు కట్టుకుంటా. తేనెటీగల్ని పెంచుకుంటా." ఊపిరి అందక ఆగాడు. "నాకు ముసలితనం కావాల్రా."

జహీర్ తన సైనికుణ్ణి తీసుకెళ్లి వంతెన మీద పెట్టాడు. "నువ్వెళ్లన్నా. నేను చూసుకుంటా."

ఆ సైనికుడు అక్కడే పోయాడు. జహీర్ మరుసటి వారం ఆ వంతెన మీదుగానే వచ్చిన సారా వ్యాపారిగా మళ్లీ ఆటలో చేరాడు.

అప్పటినుంచి ఆటలో యుద్ధాలు లేవు. ఒక్కో ఆదివారం ఓస్విన్‌కి ఒక్కో ఏడాది. క్యాబేజీ పెంచాడు. మోకాళ్ల నొప్పులు వచ్చాయి. సారా వ్యాపారితో దెబ్బలాడాడు. "ఈ చెవిటి ముసలాడితో వేగలేకపోతున్నా" అని హిల్డా విసుక్కుంటే కుర్చీలో మురారి భుజాలు నవ్వుతో కదిలేవి. నిజంగా వాళ్లకి రాని ఏళ్లని ఇద్దరూ అలా బల్లమీద గడిపారు.

అయితే అది నల్లమంచు లోయ. ప్రతి చలికాలం దాటాలంటే పాచిక పడాలి. ఓస్విన్ గుడిసె పటంలో తెర పక్కనే ఉండేది, అందువల్ల తెర వెనక ఇస్సాకు వేసే పాచిక నాకు కనిపించేది. ఒక చలికాలం చిన్న అంకె పడింది. ఇస్సాకు దానివంక చూస్తూ ఉండిపోయి, "దాటాడు" అన్నాడు. తరవాత కూడా అంతే. పిల్లలకి అర మార్కు కూడా ఊరికే వెయ్యని మాస్టారు వారం వారం మా ముందు అబద్ధం ఆడాడు.

మాట పూర్తిగా పోయాక మురారి అవునన్నా కాదన్నా కనురెప్పలతోనే చెబుతూ ఆడాడు. వానలు మొదలైన రోజుల్లో, ఒక ఉదయం, హైమ కాఫీ కలుపుతుండగా వెళ్లిపోయాడు. ఆమె ఏడవలేదు. వచ్చినవాళ్లకి కుర్చీలు వేసింది, ఆస్పత్రి మంచం తిరిగి పంపించేసింది, ల్యాబుకి వెళ్లి ఎవరెవరి పళ్లో చేసింది. చూసినవాళ్లు గుండెనిబ్బరం అన్నారు.

చలి మొదలయ్యాక ఒక ఆదివారం తనే ఇస్సాకునీ జహీర్‌నీ పిలిచి, పటం పరిచి, గుడిసె దగ్గర నన్ను నిలబెట్టింది.

"ఓస్విన్ని అలా ఉంచేద్దాం చెల్లెమ్మా" అన్నాడు ఇస్సాకు. "తేనె తీసుకుంటూ ఉంటాడు."

"ఈ చలికాలం దాటాలి కదన్నయ్యా. వెయ్యండి. ఆ తెర తీసేసి వెయ్యండి."

ఇస్సాకు తెరని రెండు చేతులా పట్టుకున్నాడు. "అమ్మా, ఇన్నాళ్లూ నేను..."

"నాకు తెలుసన్నయ్యా. ఆయనకీ తెలుసు. మీరు పాచిక వేసినప్పుడల్లా ఆయన కళ్లు గట్టిగా మూసుకునేవారు, పొరపాటున కనబడుతుందేమోనని."

ఇస్సాకు తెర తీసి పక్కన పెట్టాడు. పాచిక వేశాడు. అది దొర్లి దొర్లి నా పక్కనే ఆగింది. మూడు. ఎవరు చూసినా మూడే.

హైమ నన్ను రెండు వేళ్లతో పట్టుకుని, గుడిసె గీతల మధ్య పడుకోబెట్టింది.

ఆట నడిపేవాడిగా ఇస్సాకు అడగవలసిన మాట ఒకటే ఉంది. అడిగాడు. "హిల్డా ఏం చేస్తుంది?"

"పక్కన కూర్చుంటుంది. ఆ కంబళి సరిగ్గా కప్పుతుంది. ఆ తరవాత..." హైమ ఆగింది. "తేనెటీగల దగ్గరికెళ్లి, ఆయన పోయారని చెప్తుంది. వాటికీ ఎవరో ఒకరు చెప్పాలి కదన్నయ్యా, ఎదురుచూస్తాయి."

అప్పుడు ఏడ్చింది, పక్కింటివాళ్లు గుమ్మంలోకి వచ్చేంత గట్టిగా. జహీర్ వెళ్లి వాళ్లకి ఏం ఫర్వాలేదని చెప్పి, బయటే అరుగుమీద మొహం కప్పుకుని కూర్చున్నాడు.

ఇప్పుడు నేను ల్యాబులో, సుద్ద దవడ అచ్చుల నడుమ, దూది పరిచిన కట్టుడు పళ్ల పెట్టెలో పడుకుని ఉన్నాను. ఆదివారాలు ల్యాబుకి తాళం. హైమ ఇస్సాకు ఇంటికి ఆటకి వెళుతోందట. హిల్డా ఒక్కతే తేనె తీస్తోందట. ఫోనులో ఎవరితోనో అంటుంటే విన్నాను. ఈ చలికాలం ఆమె దాటిందో లేదో మాత్రం ఇంకా తెలియలేదు.