చివర వచ్చినవాళ్ళు పాడాలి

శిబిరంలో గంట మోగిందంటే చేతిలో ఏది ఉంటే అది అక్కడే వదిలేయాలి. పార అయితే పార, గంప అయితే గంప. అందరూ పరుగెత్తుకొచ్చి కొండ కింద జెండా కర్ర చుట్టూ గుండ్రంగా నిలబడాలి. చివర వచ్చినవాళ్ళు నడిమధ్యకు వెళ్ళి పాట పాడాలి. వాళ్ళు వచ్చేదాకా మిగతావాళ్ళంతా చప్పట్లు కొట్టి పిలుస్తూనే ఉంటారు. నాలుగు దిక్కుల దేశాల నుంచి వచ్చిన మనుషులు, ఒకరి మాట ఒకరికి సగం అర్థమైతే సగం కాదు. కలిసి నవ్వుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి కదా అని ఏ మహానుభావుడో పెట్టిన ఆచారం.

వచ్చినవాళ్ళంతా కాలేజీ వయసు పిల్లలే. ఇంటి ముందు మురిక్కాలవ తీయమంటే ముక్కు మూసుకునే బాపతు. అలాంటివాళ్ళు విమానాలెక్కి వచ్చి, ముక్కూ మొహం తెలియని జనానికి మంచినీళ్ళ గొట్టం వేయడానికి చేతులు బొబ్బలెక్కేలా కాలవ తవ్వుతున్నారు. వాళ్ళ మధ్య మోకాళ్ళ నొప్పులతో, కళ్ళజోడుతో ఒక దర్జీ. కూర్చుని కుట్టడం తప్ప ఎన్నడూ గంప ఎత్తని మనిషి. పిల్లలు ఆవిణ్ణి "అమ్మా" అని పిలవడం మొదలుపెట్టారు. పిలిచిన ప్రతిసారీ ఆవిడకు గుండెలో కలుక్కుమనేది. వాళ్ళకేం తెలుసు పాపం.

పోయిన ఏడాది ఇదే శిబిరానికి ఆవిడ చిన్నకూతురు వచ్చింది. నవ్వుతూ తుళ్ళుతూ వెళ్ళిన పిల్ల మూత తెరవనివ్వని పెట్టెలో తిరిగొచ్చింది. ఇదే కొండ మీద కాలవ తవ్వుతుంటే మట్టి విరిగిపడిందట. "వెంటనే పోయింది, తనకేమీ తెలియలేదు," అన్నాడు ఫోనులో శిబిరం పెద్ద. తర్వాత సంస్థవాళ్ళు ఫోన్ చేసి అదే మాట అన్నారు. తోటి పిల్లలు ఇద్దరు ముగ్గురు ఏడుస్తూ మాట్లాడారు, వాళ్ళూ అక్షరం పొల్లుపోకుండా అదే మాట అన్నారు. ఒకే కొలతతో పదిమందికి కుట్టిన చొక్కా ఎవరి ఒంటికీ సరిపోదని దర్జీకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

వెంటనే పోయిందా, లేదా? ఏడాదిపాటు ఆవిడ కుట్టుమిషను తొక్కినంతసేపూ ఆ ఒక్క ప్రశ్నే తిరిగింది. చివరికి పుట్టింటి పేరుతో దరఖాస్తు పెట్టుకుని బయల్దేరింది. పెద్దకూతురు కడుపుతో ఉంది. "అమ్మా, నీకు మతిగానీ పోయిందా?" అని కేకలేసింది. బస్సు కండక్టరైన భర్త మాత్రం మోకాళ్ళకు రాసుకునే మందు సంచిలో పెట్టి స్టేషన్ దాకా వచ్చి దిగబెట్టాడు.

శిబిరం పెద్ద చెడ్డవాడేం కాదు. అందరికంటే ముందు లేచేవాడు, అందరికంటే బరువు గంప మోసేవాడు. ఒకరోజు అతను పార పిడికి మేకు కొడుతుంటే ఆవిడ దగ్గరకెళ్ళి, "పోయిన ఏడాది ఇక్కడెవరో పిల్ల పోయిందట కదా బాబూ?" అంది, ఏమీ ఎరగనట్టు.

"అవునమ్మా. వెంటనే పోయింది. తనకేమీ తెలియలేదు," అన్నాడతను మేకు మీంచి చూపు ఎత్తకుండా.

"ఎవరి పొరపాటో తెలిసిందా?"

"ఇక్కడ ఏ పనైనా అందరిదీ అమ్మా. మంచైనా అందరిదే, తప్పైనా అందరిదే."

పదిమందిలో పాము చావదు. తప్పు పదిమందికీ పంచితే ఎవరి మెడకూ చుట్టుకోదు. ఆవిడకు ఒళ్ళు మండిపోయింది కానీ పళ్ళు బిగించుకుని గంప ఎత్తుకుంది.

ఈ ఏడాది కాలవ గోడలకు రెండువైపులా పలకలు ఆనించి, మధ్యలో అడ్డకర్రలు బిగించారు. పోయినేడు ఇవేవీ లేవట. దొంగలు పడిన ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు. గంట ఆచారం మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

ఆ ఆచారం వల్ల రోజూ నవ్వులపాలయ్యే మనిషి ఒకతి ఉంది. తాటిచెట్టంత పొడుగు పిల్ల, మన తెలుగు పిల్లే, అందరూ పొడుగుపిల్ల అనే పిలిచేవాళ్ళు. పోయిన ఏడాది వచ్చి, ఈ ఏడాది మళ్ళీ వచ్చింది పిల్లల్లో ఆమె ఒక్కతే. పూటపూటా ఆమే చివర. పూటపూటా నడిమధ్య నిలబడి, గొంతు లేదు, రాగం లేదు, ఏవో రెండు ముక్కలు పాడి తల వంచుకునేది. "పాడాలని సరదాగా ఉంటే అడిగి పాడొచ్చుగా, ఆలస్యంగా రావడం ఎందుకు?" అని పిల్లలు ఏడిపించేవాళ్ళు. శిబిరం మొత్తంలో ఆవిణ్ణి "అమ్మా" అని పిలవనిది కూడా ఆ పిల్లే.

దర్జీ కన్ను వంకర కుట్టును ఇట్టే పట్టేస్తుంది. గంట మోగగానే అందరూ కొండ దిగుతుంటే పొడుగుపిల్ల ఒక్కతే కొండ ఎక్కుతుందని ఆవిడ గమనించింది. కాలవ వెంబడి నడుస్తుంది. ప్రతి మలుపు దగ్గరా వంగి లోపలికి చూస్తుంది, అక్కడ తవ్వేవాళ్ళను పేరు పెట్టి కేకేస్తుంది. జవాబు రాకపోతే నిచ్చెన దిగి మరీ చూస్తుంది. అంతా ఖాళీ అని తేలాకే కిందికొస్తుంది.

మర్నాడు మధ్యాహ్నం భోజనాల గంట మోగినప్పుడు ఆవిడ దిగలేదు. కాలవ పక్క మట్టికుప్ప మీద కూర్చుండిపోయింది. అడుగడుగునా వంగి చూసుకుంటూ పొడుగుపిల్ల అక్కడికి వచ్చింది.

"మీరు వెళ్ళండి ఆంటీ, నేను చూసుకుని వస్తా."

"రోజూ ఏం చూస్తావే?"

ఆ పిల్ల చేతిలోని పార నెమ్మదిగా నేలమీద పెట్టింది.

"మీరెప్పుడు అడుగుతారా అని వచ్చిన రోజు నుంచి చూస్తున్నా. బరువు ఎత్తేటప్పుడు మీరు నాలుక పళ్ళ మధ్య పెట్టుకుంటారు. తను కూడా అంతే. మీరు వాళ్ళమ్మ కదా?"

ఆవిడకు అవుననాల్సిన పని లేకపోయింది.

"చెప్పు," అంది.

"ముందు రాత్రి వాన పడింది. తను లోపల తవ్వుతోంది, నేను పైనుంచి తాడుతో గంప లాగుతున్నా. లోపల మనిషి ఉంటే పైన మనిషి కదలకూడదు. నాకు తెలుసు ఆంటీ. గంట మోగింది. ముందురోజు నేనే చివర వచ్చా, పాట రాక సిగ్గుతో చచ్చిపోయా. ఇవాళ తనతో పాడించాలని తాడు వదిలేసి పరుగెత్తా. 'ఓసి దొంగా, ఆగవే!' అని లోపల్నుంచి నవ్వుతూ తిట్టింది. నిచ్చెన ఉంది కదా, వచ్చేస్తుందిలే అనుకున్నా."

"తర్వాత?"

"చప్పట్లు కొట్టాం. రాలేదు. సిగ్గుపడి దాక్కుందనుకుని ఇంకా గట్టిగా కొట్టాం. తన పేరు పెట్టి పాట కట్టి మరీ పిలిచాం. అందరికంటే గట్టిగా నేనే అరిచా. భోజనాలు వడ్డించేసినా రాకపోతే, అప్పుడు వెళ్ళి చూశాం."

ఆవిడ సముద్రాలు దాటి మోసుకొచ్చిన ప్రశ్న నాలుక చివర నిలబడి కదలనంది. బలవంతాన బయటికి తోసింది.

"వెంటనే పోయిందా?"

పొడుగుపిల్ల తల అడ్డంగా ఊపింది.

"రెండుసార్లు పడింది మట్టి. మొదటిది నడుం దాకా పడినట్టుంది. చేతులతో తోడుకుంది. గోళ్ళన్నీ..." అని ఆగింది. "చాలా తోడింది ఆంటీ. ఇంకొంచెం ఉంటే కాళ్ళు వచ్చేసేవే. అప్పుడు పైనుంచి మిగతాది పడింది."

"అరిచిందా?"

"అరిచే ఉంటుంది. మా చప్పట్లలో మాకు వినపడలేదు."

సరిగ్గా అప్పుడే కింద చప్పట్లు మొదలయ్యాయి. ఇవాళ ఇద్దరు తగ్గారని పిల్లలకు రెట్టింపు హుషారు. "అమ్మా! అమ్మా!" అని తాళం వేసి మరీ పిలుస్తున్నారు. అంత దూరం నుంచి చప్పట్లు అంత స్పష్టంగా వినిపిస్తాయని ఆవిడ అనుకోలేదు. ఆ రోజు కింద అందరూ ఉన్నారని, నవ్వుతూ తననే పిలుస్తున్నారని తన బిడ్డకు చివరిదాకా తెలుసు.

లేచి ఆ పిల్లను చెంప మీద కొట్టింది. మళ్ళీ కొట్టింది. పిల్ల తప్పుకోలేదు, మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. వెనకే కాలవ, ఒక్క తోపు తోస్తే చాలు. తోసేయాలని ఆవిడకు నిజంగానే అనిపించింది. చేతులు ఆ పిల్ల భుజాల మీద పడ్డాయి కూడా. తోయలేక పట్టుకుని, అలాగే కూలబడి, ఏడాదిగా ఏడవని ఏడుపంతా ఏడ్చింది.

"వెంటనే పోయిందని చెబుదామని ఎవరన్నారు?" అంది చాలాసేపటికి.

"అందరం గుండ్రంగా కూర్చుని అనుకున్నాం. మీరు తట్టుకోలేరని. నేనూ చెయ్యెత్తా."

కిందికి దిగాక "ఇద్దరూ పాడాలి!" అని పిల్లలు కేకలేశారు. ఆవిడ మొహం చూసి శిబిరం పెద్ద చప్పట్లు ఆపించాడు. ఆవిడ ఎవరివైపూ చూడకుండా గదిలోకి వెళ్ళి ఇంటికి ఫోన్ చేసింది. అటువైపు బస్సుల హారన్లు, ఎవరో చిల్లర అడుగుతున్న గోల.

"నేనే. అడిగాను," అంది.

"ఎవరైనా చెప్పారా?"

"చెప్పారు."

భర్త హారన్లకు దూరంగా నడిచి వచ్చినట్టున్నాడు.

"నాకు చెప్పకు," అన్నాడు. "నీకు దణ్ణం పెడతానే, నాకు చెప్పకు. వెంటనే పోయిందన్న ఆ ఒక్క మాట పట్టుకునే రోజూ లేచి డ్యూటీకి పోతున్నా. పెద్దదానికీ చెప్పకు, ఒట్టి మనిషి కూడా కాదు."

"సరే," అంది ఆవిడ.

"తిన్నావా?"

"తిన్నాను," అంది. తినలేదు.

ఫోన్ పెట్టేశాక ఆవిడ ఆ గదిలో కూర్చుంది. తెలుసుకోవాలని ఇంత దూరం వచ్చింది, తెలిసింది. ఇప్పుడిది ఎక్కడ దింపుకోవాలి? మొగుడితో చెప్పుకోవడానికి లేదు, కూతురితోనూ లేదు. చుట్టపక్కాలకు చెబితే సాయంత్రానికి ఆయన చెవిన పడుతుంది. బిడ్డ చేతులతో మట్టి తోడుకున్న సంగతి తెలిసి, ఆ సంగతి పక్కన కూర్చోగల మనిషి ఆవిడకు ఈ భూమ్మీద ఒక్కరే మిగిలారు. ఆ మనిషి తాడు వదిలేసి పరుగెత్తిన మనిషి.

మధ్యాహ్నం విశ్రాంతి వేళ. ఆడపిల్లల గదిలో పొడుగుపిల్ల గోడవైపు తిరిగి, కాళ్ళు పట్టని మంచం మీద ముడుచుకుని పడుకుంది. చెంప మీద వేళ్ళ అచ్చు ఎర్రగా తేలింది. ఆవిడ వెళ్ళి మంచం పక్కన నిలబడింది. క్షమించలేదు. ఎప్పటికైనా క్షమిస్తానన్న నమ్మకమూ లేదు.

"జరుగు," అంది.

ఆ పిల్ల గోడకు అతుక్కుపోయేంత జరిగింది. ఆవిడ నొప్పి కాళ్ళు ఎత్తి మంచం మీద పెట్టుకుని, కళ్ళజోడు తీసి పక్కన పడుకుంది. ఇద్దరికీ చోటు చాలలేదు.

"ఆ రోజు పొద్దున్నుంచి చెప్పు," అంది. "లేచి ఏం తింది, మీరిద్దరూ ఏం మాట్లాడుకున్నారు, దేనికి నవ్వింది. ఒక్కటీ వదలకుండా చెప్పు."