పేరు ఆగొద్దు

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మా అమ్మ పుష్పమ్మకు ఆ సామెత చెప్పే ధైర్యం భూపాలపల్లి క్వార్టర్లలో ఎవరికీ లేదు. కూతురిని గనక నాకు కాస్త ఉంది.

మా తమ్ముడు రాజ్‌కుమార్, మరదలు కల్పన ఇద్దరికీ పుట్టుకతోనే చెవులు వినిపించవు. హన్మకొండలో బధిరుల బడిలో కలిసి చదివారు, చేతులతోనే మాట్లాడుకుని, చేతులతోనే పోట్లాడుకుని పెళ్లి చేసుకున్నారు. వాళ్లకు ఆడపిల్ల పుట్టింది. మనవరాలికి వినిపిస్తుందా లేదా అన్న బెంగతో మా అమ్మకు కంటిమీద కునుకు లేదు.

పిల్ల పక్కన పళ్లెం మోగించింది, గంట ఊపింది. పిల్ల కదల్లేదు. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో బ్లాస్టింగుకు ఇల్లంతా అదిరేసరికి మాత్రం ఉలిక్కిపడి ఏడ్చింది.

"ఇన్నది! నా మనుమరాలు ఇన్నది!" అని అమ్మ వాడంతా చక్కెర పంచింది.

కల్పన నవ్వి, నేల మీద అరచెయ్యి ఆనించి చూపించింది.

"అది చెవులతోని కాదమ్మా, ఒంటితోని తెలుస్తది. కల్పన గూడ రోజూ గట్లనే ఉలిక్కిపడ్తది" అన్నాను. అమ్మ చక్కెర డబ్బా పట్టుకుని అక్కడే కూలబడింది. నాకు కోపమూ జాలీ కలిసే వచ్చాయి.

దవాఖానలో డాక్టరమ్మ పిల్ల మడమ నుంచి రక్తపు చుక్క తీసింది. హైదరాబాద్‌లో పరీక్ష చేస్తే తల్లిదండ్రుల చెవుడు బిడ్డకూ వచ్చిందేమో తెలుస్తుందట. ఇంతలో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బొగ్గు బాయిలు ఆగాయి, బస్సులు ఆగాయి, ఆ చుక్కా దవాఖానలోనే ఆగింది.

"రిపోర్టు వచ్చినంకనే తొట్టెల, పేరు" అంది అమ్మ.

"తెలంగాణ వచ్చేదాక పిల్లను పేరు లేకుండ ఉంచుదామా ఏంది?" అని గయ్యిమన్నాను. మేనత్తను నేను, చెవిలో పేరు చెప్పే హక్కు నాది.

కల్పన వచ్చి అమ్మ ఎదురుగా కూర్చుంది. ఆమె చేతులు చెప్పినది నేను నోటితో చెప్పాను.

"పరీక్ష చెయ్యనీయి అత్తమ్మా, నేను వద్దన. ఏదొచ్చినా నా బిడ్డ నా బిడ్డే. కాని పేరు ఆగొద్దు. మా అవ్వ, నాయిన నన్ను గూడ చెవులు వస్తయని దవాఖానలు తిప్పిండ్రు. బడికి పోయేదాక నాకొక పేరున్నదనే నాకు తెల్వది."

 అమ్మ లేచి అటక మీది తొట్టెల దించింది. ఆమె ఎదురాడకుండా ఒకరి మాట వినడం నేను చూడటం అదే మొదలు.

పుట్టిన ఇరవై ఒకటో రోజు పిల్లను తొట్టెలలో వేశాం. బయట సమ్మె డప్పులు మోగుతున్నాయి. నేను చెవి దగ్గరికి వంగేలోగా అమ్మ నా రెక్క పట్టి ఆపింది.

"చెవుల నువ్వు చెప్పు. చేతితోని నేను చెప్త. ఎట్లనో తమ్ముని అడుగు."

రాజ్‌కుమార్ సంబరంగా చూపించాడు: బుగ్గ మీద రెండు వేళ్లు, మెల్లగా, రెండుసార్లు. నేను చెవిలో "సోనీ" అన్నాను. అమ్మ తన మొరటు వేళ్లతో పిల్ల బుగ్గ మీద అదే చెప్పింది. పిల్ల కళ్లు విప్పి చూసింది.

అమ్మ కోడలి వైపు తిరిగింది. పెళ్లయిన నాటి నుంచీ ఆమెను భుజం తట్టో, చెయ్యి ఊపో పిలిచిన మనిషి.

"మరి నా కోడలి పేరు చేతితోని ఎట్లనే, రుక్మిణీ?" అని నన్నడిగింది.

ఆ మాట కల్పనకు చేతులతో చెప్పాను. కల్పన కళ్లలో నీళ్లు నిండాయి. తన గడ్డం మీది సొట్టకు చూపుడు వేలు ఆనించింది; బడిలో తనకు పెట్టిన పేరు అదే.

అమ్మ తన ముడతల గడ్డానికి వేలు ఆనించి, కోడలిని పేరు పెట్టి పిలిచింది.