పదిన్నర అంగుళాలు

బ్లౌజు చంక కుట్టు దగ్గర సూది విరిగింది. షాహిస్తా మిషను ఆపి మెడలో వేలాడుతున్న టేపు తీసింది. గడప మీద హుక్కులు ఏరుతున్న ఇరమ్ అడగకుండానే గడ్డం పైకెత్తింది. ఎనిమిదేళ్ల పిల్లకి ఇది అలవాటైపోయింది. జుట్టు రాలిన తలకి కట్టిన స్కార్ఫు కాస్త జరిపి, మెడ చుట్టూ టేపు తిప్పి, గోటితో నొక్కి చూసింది తల్లి.

పదిన్నర. నిన్నా పదిన్నరే.

నిరుడు రంజానుకి పదమూడు. చెవి కింద గోలీకాయంత గడ్డ నిమ్మకాయంతైంది. టీబీ అని ఒకాయన నాలుగు నెలలు మాత్రలు మింగించాడు. చివరికి గుంటూరులో ముక్క తీసి చూసి, క్యాన్సరే గానీ నయమయ్యే రకం, ఆరుసార్లు మందు ఎక్కించాలన్నారు. రెండోసారికే గడ్డ కరిగిపోయింది. ఐదోసారి ఈ రోజే. పొద్దున బస్సు వెళ్లిపోతుంటే షాహిస్తా వెళ్లనిచ్చింది.

ఎనిమిదో తరగతిలో బడి మానేసిన ఆమెకి ఆసుపత్రి కాగితాలు అర్థం కావు. టేపు మీది గీతలు అర్థమవుతాయి. మరి డాక్టరమ్మ ఏం చూసి ఇంకా రెండున్నాయంటోంది?

"లేని గడ్డకి మందేందే? ఆ ఎర్రనీళ్లు ఎక్కించి పిల్లని ఎండుపుల్ల చేశారు," అంది అత్త మాబున్నీసా, చింతపండు గింజలు తీస్తూ.

"నాకేం తెలుసు అత్తమ్మా."

ఆ ఎర్రమందు మొదలైనప్పటి నుంచి ఇరమ్ రోజ్‌మిల్కు చూసినా వాంతి చేసుకుంటోంది.

మధ్యాహ్నం షాహిస్తా నకరికల్లులో ఉండే ధరణికి ఫోన్ చేసింది. వార్డులో పక్క మంచం వాళ్లది. ఆమె కూతురు ఏంజెల్‌కీ ఇదే జబ్బు. గడ్డ తగ్గిందని మూడోసారితో మానేసి ఇంటికి తీసుకుపోయారు. బాగుందని ధరణి ఒక్క మాటంటే చాలనుకుంది షాహిస్తా.

"ఏంజెల్ ఎట్టుంది ధరణీ?"



"పోయిన మంగళారం పోయిందక్కా."

"మళ్లీ గడ్డ లేచిందా?"

"మెడ నున్నగానే ఉందక్కా. రొమ్ము లోపల పెరిగిందంట. ఆయాసమని తీసకపోయేలోపే..."

ఫోన్ పెట్టేసి షాహిస్తా మళ్లీ కొలిచింది. పదిన్నరే. ఈసారి ఛాతీ చుట్టూ తిప్పింది. ఇరవై రెండు. అందులో పిల్ల ఎంతో, జబ్బు ఎంతో చెప్పే గీత టేపు మీద లేదు.

"రెండు గంటల బస్సుకి పోతున్నాం అత్తమ్మా."

"ఏమే, పొద్దున వద్దంటివి! నయమైనట్టా, కానట్టా?"

"తెలీదు. తెలిసినోళ్ల దగ్గరికి పోతున్నా."

"అమ్మీ, మళ్లీ ఎర్రదేనా?" అంది ఇరమ్.

"ఆఁ."

"అయితే వాంతికి రెండు కవర్లు పెట్టు. పోయినసారి ఒకటి చాల్లేదు."

తల్లి నవ్వబోయి, మొహం తిప్పుకుని సంచి సర్దింది.

వాళ్లు సందు మలుపు తిరిగారు. మిషను మీద, ఒక చేయి కుట్టని బ్లౌజు పక్కన, టేపు చుట్టలు చుట్టుకుని పడి ఉంది. పదిన్నర దగ్గర గోటి నొక్కు ఇంకా సాపు కాలేదు.