కుట్టుమిషను కింద సర్వరు

మిల్లు మేనేజరూ, ఆ టైలరమ్మ మొగుణ్ణి గేటు దగ్గర కొట్టి చంపించింది నువ్వే. కాలుజారి పడ్డాడని కాగితం రాసిన ఇన్‌స్పెక్టరూ, ఆ రక్తం నీ చేతులకీ ఉంది.

ఆ హత్య వీడియో ఆమె ఇంట్లోనే, కుట్టుమిషను కింద గుడ్డముక్కల మాటున పెట్టిన సర్వరు అనే చిన్న కంప్యూటరు పెట్టెలో ఉంది. ఎక్కడినుంచైనా దాన్ని అందుకునేలా పొద్దున్నే గోడమీది ఇంటర్నెట్ రూటరు సరిచేసి, మరిది పక్క ఊరికి బస్సెక్కాడు. మధ్యాహ్నం ఫోన్ చేశాడు.

"వదినా, వీడియో ఇక్కడ నాకు దిగుతోంది. పది నిమిషాలు రూటరు ఆపకు. ఫోను పెట్టెయ్యకు."

అంతలో తలుపు విరిగింది. ఇనుపరాడ్లతో ఇద్దరు దూసుకొచ్చారు.

"కంప్యూటరేదే?"

ఆమె బల్లమీది కంప్యూటరు తెరను చూపించింది. ఒకడు దాన్ని తుక్కుతుక్కు చేసి, "అయిపోయింది నీ సాక్ష్యం!" అన్నాడు.

"మరి గోడమీద ఇదేంట్రా, మిణుక్కుమంటోంది?" అంటూ రెండోవాడు రూటరు మీదికి రాడ్ ఎత్తాడు.

ఆమె అడ్డం పడింది. కుడి మణికట్టు ఫట్‌మని విరిగింది. ఎడమచేత్తో కాలుతున్న ఇస్త్రీపెట్టె అందుకుని వాడి చెంపకు అదిమింది. వాడు గావుకేక పెట్టాడు. మొదటివాడి దెబ్బకు ఆమె తల పగిలింది. అయినా గోడ వదల్లేదు.

కిందపడ్డ ఫోను అరిచింది. "వచ్చేసింది వదినా! అందరికీ పంపేశాను!"

"తెర పగలగొట్టాం కదరా!" అన్నాడు మొదటివాడు.

"అది ఉత్త అద్దంరా, మొద్దు వెధవా!" ఆమె రక్తం ఉమ్మింది.

వాళ్లు పారిపోయారు. పరిగెత్తుకొచ్చిన ఇరుగుపొరుగు ఆటో పిలవబోయారు.

"ఆసుపత్రి తర్వాత. ముందు అందరూ స్టేషనుకు నడవండి. ఆ మేనేజరుకూ ఇన్‌స్పెక్టరుకూ బేడీలు పడాలి, ఇవాళే!"